ఇసామియా బజార్ దాకా పావుగంట నడక

భాగ్యరెడ్డివర్మ పేరు మొదటిసారి విన్నప్పుడు నేను అడిగిన మొదటి ప్రశ్న, "ఆయన రెడ్లా, రాజులా?" అని. అప్పుడు నాకు ఇరవై ఆరేళ్లు. పుట్టిందీ, పెరిగిందీ, చదువుకుందీ అంతా హైదరాబాదులోనే. పక్క సీటులో పనిచేసే నా స్నేహితురాలు నావైపు కాసేపు అలాగే చూసి, "మావాళ్లే. మా ఇంట్లో హాల్లో ఫోటో ఉంటుంది. నువ్వు రెండుసార్లు చూశావు కూడా" అంది.

నిజమే, చూశాను. అంబేద్కర్ పటం పక్కన ఇంకో పటం ఉంటుంది. వాళ్ల తాతగారేమో అనుకున్నాను. ఎవరని అడగలేదు.

ఆ రోజు నుంచి ఒక మాట నాకు గుచ్చుకుంటూనే ఉంది. ఏటా మే 22న ఆయన జయంతి వస్తుంది. పేపర్లలో, ఫేస్‌బుక్‌లో వ్యాసాలు వస్తాయి. "మరుగున పడిన మహనీయుడు", "చరిత్ర మరిచిన వైతాళికుడు" అని శీర్షికలు పెడతారు. ఎవరు మరిచారు? నా స్నేహితురాలి ఇంట్లో మూడు తరాలుగా ఆ పటం గోడ దిగలేదు. హైదరాబాదు బస్తీల్లో ఆయన పేరు చెబితే పెద్దవాళ్లు కుర్చీలో సర్దుకుని కూర్చుంటారు. వాళ్లు మరిచిపోయిందీ లేదు, ఆయన మరుగున పడిందీ లేదు. మా ఇంట్లాంటి ఇళ్లలో ఆయన పేరు ఎవరూ నేర్పలేదు, మేమూ నేర్చుకోలేదు. ఈ రెండూ ఒకటి కాదు. ఈ తేడా ఒప్పుకోకుండా వేసే దండ ఏదైనా నాకు సగం దండలాగే కనిపిస్తుంది.

ముందు ఆ పేరు సంగతి చెప్పాలి. 1888లో హైదరాబాదులో ఒక మాల కుటుంబంలో ఆయన పుట్టారు. ఇంటిపేరు మాదరి, పెట్టిన పేరు భాగయ్య. వాళ్ల కుటుంబ గురువు ఆ పిల్లవాడిని భాగ్యరెడ్డి అని పిలవమన్నాడట. ఈ నేలకు మొదటి ఏలికలు మీరే, రెడ్డి అనే మాట ఏలికను చెప్పే 'రేడు' నుంచి వచ్చింది అని ఆ గురువు చెప్పిన కారణం. తర్వాత 1913లో ఆర్యసమాజం వారు 'వర్మ' అని బిరుదు ఇచ్చారు. మన దగ్గర పేరు వినగానే కులం లెక్కగట్టే అలవాటు అందరికీ ఉంది, నాకూ ఉంది. ఆ అలవాటుని ఆ పేరు ఒక్క క్షణం తడబెడుతుంది. నా ప్రశ్నలో నేను తడబడింది అక్కడే. పేరు చూసి మనిషిని ఏ అరలో పెట్టాలో తేల్చుకోవాలనుకున్నాను. అర తెలిశాక, "ఓహో, దళిత నాయకుడా" అనుకుని ఆ అర మూసేశాను. మనలో చాలామంది ఇప్పటికీ చేస్తున్నది అదే. ఆయనని ఒక గదిలో కూర్చోబెట్టి, ఏడాదికోసారి తలుపు తీసి దండం పెట్టి, మళ్లీ తలుపు వేసేస్తున్నాం.

ఆ గదిలోంచి ఆయన్ని బయటికి తేవాలన్నదే ఇక్కడ నా వాదన. దానికి మా నాన్న చెప్పే కథ దగ్గర మొదలుపెడతాను.

మా నాన్న ముప్పై ఏళ్లకు పైగా తెలుగు చెప్పిన మాస్టారు. మా ఇంట్లో దేవుడి కథల కంటే ఎక్కువసార్లు విన్న కథ ఒకటుంది. 1921 నవంబరులో వివేకవర్ధినిలో సంఘసంస్కరణ సభ జరిగింది. మరాఠీ సంఘసంస్కర్త కార్వే గారు అధ్యక్షులు. ఇంగ్లీషు, ఉర్దూ, మరాఠీ ఉపన్యాసాలు ఓపిగ్గా విన్న సభ, ఆలంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడటం మొదలుపెట్టగానే గోల చేసి ఎగతాళి చేసింది. ఆ అవమానం తట్టుకోలేక కొందరు తెలుగువాళ్లు అప్పటికప్పుడు టేక్మాల్ రంగారావు గారింట్లో కలుసుకుని ఆంధ్రజనసంఘం పెట్టుకున్నారు. ఈ కథ చెప్పినప్పుడల్లా నాన్న గొంతు పూడుకుపోయేది. ఆ వెంటనే ఒక వరస చెప్పేవారు, పాఠం అప్పజెప్పినట్టు. 1901 శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం. 1921 ఆంధ్రజనసంఘం. 1928 మాడపాటి వారి బాలికల పాఠశాల. 1930 జోగిపేట ఆంధ్ర మహాసభ. నిజాం రాజ్యంలో తెలుగు తలెత్తుకున్న మెట్లు ఇవీ అని.

ఆ వరసలో 1910 లేదు.

1910లో, అంటే ఆ ఎగతాళి జరగడానికి పదకొండేళ్ల ముందే, ఇసామియా బజార్‌లో ఒకటి, లింగంపల్లిలో ఒకటి భాగ్యరెడ్డివర్మ బడులు తెరిచారు. ఏ బడి అరుగు మీదా కూర్చోనివ్వని పిల్లల కోసం. చదువు చెప్పింది తెలుగులో. కచేరీల భాష ఉర్దూ, ఉద్యోగం కావాలన్నా ఉర్దూయే. 1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయంలోనూ బోధన ఉర్దూలోనే సాగింది. అలాంటి ఊళ్లో, పలక ముట్టుకునే అదృష్టమే లేని పిల్లలకు వాళ్ల అమ్మ మాట్లాడే భాషలో అక్షరాలు దిద్దించారు. ఆ రెండు బడులు పెరిగి పెరిగి హైదరాబాదు, సికింద్రాబాదుల్లో కలిపి 26 అయ్యాయి. సుమారు 2,500 మంది పిల్లలు చదువుకున్నారు.

ఇరవై ఆరు. ఒక్క నిమిషం ఆ అంకె దగ్గర ఆగుదాం. మాస్టారి కూతురిగా ఒక బడి నడవాలంటే ఏం కావాలో నాకు కాస్త తెలుసు. చూరు కారని గది కావాలి. నెల తిరిగేసరికి పంతులికి జీతం ఇవ్వాలి. ఆ వాడలోకి వచ్చి ఆ పిల్లల పక్కన కూర్చుని చెప్పే పంతులు దొరకడం ఇంకో ఎత్తు. కూలికి తీసుకెళ్లాల్సిన పిల్లాడిని బడికి పంపమని తల్లిని ఒప్పించాలి. ఒకసారి ఒప్పుకున్న తల్లి పంట కోతలప్పుడు, పెళ్లిళ్లప్పుడు, జ్వరాలప్పుడు మళ్లీ మొదటికొస్తుంది. ఇదంతా ఒక్క బడికి. దీన్ని ఇరవై ఆరుతో హెచ్చవేయండి. ఆయన వెనక ఎస్టేటు లేదు. చిన్నప్పుడు ఇల్లు వదిలి సాంటోస్ అనే బారిస్టరు ఇంట్లో పనికి కుదిరి, అక్కడే చదువు నేర్చుకున్న మనిషి. 1930లలో ఆ బడుల బాధ్యత నిజాం ప్రభుత్వం తీసుకుంది. కొందరు దీన్ని ఒక అధ్యాయం ముగియడంలా రాస్తారు. నాకు అలా అనిపించదు. ఈ పిల్లలకు చదువు చెప్పడం ఎవరో పుణ్యాత్ముడు పెట్టే భిక్ష కాదు, సర్కారు పని అని పాతికేళ్లు చేసి చూపించి, చివరికి ఆ పని సర్కారు నెత్తికెత్తారు.

ఈ మధ్య ఒక ఆదివారం సుల్తాన్ బజార్‌లో భాషానిలయం దగ్గర మొదలై నడిచాను. చిన్నప్పుడు నాన్న చెయ్యి పట్టుకుని వెళ్లిన చోటే. అక్కడి నుంచి వివేకవర్ధిని అయిదు నిమిషాలు. ఇటు తిరిగి కోఠీ దాటి చాదర్‌ఘాట్ వైపు నడిస్తే ఇసామియా బజార్. రోడ్డు దాటడానికి పట్టిన టైమే ఎక్కువ, లేకపోతే మొత్తం పావుగంట నడక. ఆ పావుగంటలో నాకు అర్థమైంది ఒకటి. నాన్న చెప్పిన తెలుగు కథంతా ఈ నాలుగు వీధుల్లోనే జరిగింది. భాగ్యరెడ్డివర్మ కథ కూడా ఈ నాలుగు వీధుల్లోనే జరిగింది. ఒక కథ పుస్తకాలకెక్కి తెలుగువాళ్లందరిదీ అయింది. పావుగంట దూరంలో జరిగిన రెండోది దళితుల కథగా ఉండిపోయింది. తెలుగులో ఉపన్యాసం ఆగిపోతే పుట్టిన బాధ తెలుగు ఉద్యమం అయినప్పుడు, తెలుగులో ఇరవై ఆరు బడులు నడపడం ఏ లెక్కన తెలుగు ఉద్యమం కాకుండా పోయింది?

మాడపాటి వారిని గానీ, సురవరం వారిని గానీ తగ్గించడానికి ఈ మాట అనడం లేదు. వాళ్ల పేర్లు నా నాలుక మీద ఉన్నాయి, ఉంటాయి. వరసలో ఒక మెట్టు వదిలేశారు, అక్కడ అడుగు పెడితే కిందికి జారుతున్నాం అంటున్నాను.

ఇంకో పొగడ్త ఉంది. మంచి మనసుతో అనేదే, కానీ నాకు మింగుడుపడదు. "అంబేద్కర్ కంటే ముందే" అని. తారీఖులు చూస్తే నిజమే. 1906లో తనవాళ్ల కోసం జగన్మిత్ర మండలి అనే సంఘం పెట్టినప్పుడు భాగ్యరెడ్డికి పద్దెనిమిదేళ్లు, అప్పటికి అంబేద్కర్ పదిహేనేళ్ల బడిపిల్లవాడు. 1911లో ఆయనదే మన్యసంఘం వచ్చింది. 1917లో బెజవాడ సభ. మహద్ చెరువు నీళ్ల కోసం అంబేద్కర్ పోరాటం 1927లో. కానీ "ముందే" అన్న మాట ఆయన్ని ఒక పీఠికలా మార్చేస్తుంది. అసలు పుస్తకం వేరేది, ఈయన మొదటి రెండు పేజీలు అన్నట్టు. పీఠికలు ఎంతమంది చదువుతారో మనకు తెలుసు. ఆయన చేసిన పని రాబోయే ఎవరికోసమో వేసిన దారి కాదు. ఆ సాయంత్రం ఆ వాడలో ఉన్న పిల్లకి ఆ సాయంత్రమే కావలసిన పని. ఆడపిల్లల్ని దేవుడి పేరిట జోగినిలుగా, బసివిలుగా, మురళీలుగా వదిలే ఆచారం మీద మన్యసంఘం ప్రచారం మొదలుపెట్టింది. దాన్ని నిషేధిస్తూ ఆంధ్రప్రదేశ్‌లో చట్టం వచ్చింది 1988లో. చట్టం వచ్చేదాకా ఆగుదాం అని ఆయన అనుకోలేదు. హరికథలు, భజనలు పెట్టించి, వాడవాడా తిరిగి మాట్లాడారు. పెళ్లిళ్లకు అప్పులు చేయొద్దన్నారు, తాగుడు మానమన్నారు.

పౌరహక్కులు అనగానే మనకు కోర్టు, లాకప్పు, నిజనిర్ధారణ కమిటీ గుర్తొస్తాయి. అవి కావలసినవే. కానీ మనిషికి అంతకంటే ముందు ఒక బడి, ఒక బావి, నడవడానికి ఒక రోడ్డు, పిలిపించుకోవడానికి ఒక మంచి పేరు కావాలి. నా లెక్కలో ఈ నేల మీద పౌరహక్కుల ఉద్యమం ఎప్పుడు మొదలైందని ఎవరైనా అడిగితే, ఆ రెండు బడుల నుంచి మొదలైందని చెబుతాను.

పేరు అన్నాను కాబట్టి బెజవాడ సంగతి చెప్పకుండా ముందుకు పోలేను. 1917 నవంబరు 4 నుంచి 6 దాకా అక్కడ ప్రథమాంధ్ర పంచమ మహాజన సభ జరిగింది. గూడూరు రామచంద్రరావు గారు పూనుకుని ఏర్పాటు చేశారు. హైదరాబాదు నుంచి భాగ్యరెడ్డివర్మని అధ్యక్షుడిగా పిలిచారు. సభకు వచ్చినవాళ్లు ఎక్కడ గుళ్లోకి వస్తారో అని ఆ మూడు రోజులూ కనకదుర్గ గుడి తలుపులు మూసేశారు. ఆయన కుర్చీలో కూర్చుని మొట్టమొదట సభ పేరు మీదే అభ్యంతరం చెప్పారు. నాలుగు వర్ణాలకు బయటివాళ్లని చెప్పే పంచములు అనే మాట పురాణాల్లో లేదు, శాస్త్రాల్లో లేదు, మేము ఈ నేలకు మొదటివాళ్లం, ఆది ఆంధ్రులం అన్నారు. పంచమ సభగా మొదలైనది ఆది ఆంధ్ర సభగా ముగిసింది. పిలిచినవాళ్లు పెట్టిన పేరుని, పిలిపించుకున్న మనిషి వాళ్ల వేదిక మీదే మార్చేశాడు. ఎంత ధైర్యం కావాలి దానికి! అక్కడితో ఆగలేదు. 1922లో మద్రాసు ప్రభుత్వం పాత పేర్లు తీసేసి ఆది ద్రావిడ, ఆది ఆంధ్ర అని రాయమని ఉత్తర్వు ఇచ్చింది. ఇటు నిజాం రాజ్యంలో మన్యసంఘం ఆది హిందూ సంఘంగా మారింది, 1931 జనాభా లెక్కల్లో ఆది హిందువులు అనే పేరు ఎక్కింది.

పోయినేడు నా స్నేహితురాలి కూతురికి డిగ్రీ అడ్మిషన్ కోసం కుల ధ్రువీకరణ పత్రం కావలసి వచ్చింది. ఫారం నేనే నింపుతున్నాను. ఎస్సీ కులాల జాబితా తెరిస్తే ఇంగ్లీషు అక్షరక్రమంలో మొట్టమొదటి పేరు, ఆది ఆంధ్ర. రెండోది ఆది ద్రావిడ. ఆ పిల్ల స్క్రీన్ మీదకి వంగి, "ఆంటీ, ఇదే కులం? మా క్లాసులో ఎవరూ లేరే ఇలా" అంది. నా వేలు మౌస్ మీదే ఆగిపోయింది. ఒక సభలో ఒక మనిషి లేచి, మమ్మల్ని ఇలా పిలవండి అని అడిగిన మాట, వందేళ్లు దాటి ఒక ప్రభుత్వ ఫారంలో మొదటి వరసలో కూర్చుని ఉంది. విగ్రహాల మీద కాకులు వాలతాయి, ఈ రెండు మాటలు మాత్రం రోజూ ఎక్కడో ఒక చోట ఎవరో ఒకరి జీవితానికి పనికొస్తున్నాయి. అప్పుడు ఆ పిల్లకి చెప్పగలిగినంత చెప్పాను. పక్కన వాళ్లమ్మ నవ్వుతూ, "నేను నీకు చెప్పిన కథ మా అమ్మాయికి నువ్వు చెప్తున్నావా" అంది.

గౌరవించడం అంటే అంతా తీపిగా చెప్పడం కాదని కూడా నాకు గట్టి నమ్మకం. భాగ్యరెడ్డివర్మ జీవరక్ష ప్రచారంలో పనిచేశారు. జంతుబలులు వద్దన్నారు, మాంసం మానమన్నారు. ఆర్యసమాజంతో కలిసి నడిచారు, బ్రహ్మసమాజానికీ దగ్గరగా మసిలారు, బుద్ధ జయంతీ జరిపారు. తిండి మీద ఇవాళ దళిత రచయితలు, విద్యార్థులు చెబుతున్న మాట వేరు, నా మనసు వాళ్ల పక్షానే ఉంటుంది. అందుకని ఆయన జీవితంలో ఆ పేజీలు చింపేయాలా? అక్కర్లేదు. తలుపులన్నీ మూసి ఉన్న ఊళ్లో ఏ తలుపు కాస్త తెరుచుకున్నా అందులోంచి తనవాళ్లను లోపలికి తేవాలని చూసిన మనిషి ఆయన.

రెండోది ఇంకా కష్టమైన విషయం. ఆది హిందూ అనే ఒక్క పేరు కింద మాల, మాదిగ అందరూ ఒకటవుతారని ఆయన ఆశ. ఆ ఆశ పూర్తిగా నిజం కాలేదు. ఆ రోజుల్లోనే అరిగె రామస్వామి వంటి నాయకులు వేరే దారిలో వెళ్లారు, మాదిగల గొంతు విడిగా వినిపించాలన్న పట్టుదల అప్పటిదే. ఎస్సీ రిజర్వేషన్లను లోపలి కులాల వారీగా పంచే వర్గీకరణ కోసం మాదిగలు దశాబ్దాలు పోరాడారు, 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు ఏడుగురు జడ్జీల బెంచి వర్గీకరణ చెల్లుతుందని చెప్పింది, 2025 ఏప్రిల్ 14న తెలంగాణలో చట్టం అమల్లోకి వచ్చింది. ఒక మంచి పేరు అందరికీ పెట్టినంత మాత్రాన లోపలి హెచ్చుతగ్గులు పోవు. దీన్ని ఆయన ఓటమిగా చూపి తృప్తిపడేవాళ్లను చూశాను, అసలు ప్రస్తావనే రానివ్వని అభిమానులనూ చూశాను. మొదలుపెట్టిన మనిషి అన్నీ ముగించి పోవాలని అడగడం అన్యాయం. 1939 ఫిబ్రవరి 18న పోయేనాటికి ఆయనకు యాభై ఒకటి కూడా నిండలేదు.

సరే, ఏం చేయాలి? నేను అడిగేది పెద్దదేం కాదు. తెలంగాణలో తెలుగు ఎలా నిలబడిందో చెప్పే పాఠంలో 1901 తర్వాత 1910 రావాలి. దళిత నాయకులు అనే పాఠంలో ఎలాగూ పెడతారు, అది చాలదు. భాషా దినోత్సవం సభలో గిడుగు, సురవరం పటాల పక్కన ఆయన పటం ఉండాలి. ఆ సభలకు వెళ్లే అలవాటు నాకుంది, ఒక్కసారి కూడా చూడలేదు. ఇసామియా బజార్‌లో నడిచే మనిషికి, ఇక్కడ 1910లో తెలుగు బడి నడిచింది అని చెప్పే ఒక పలక కనిపించాలి. మే 22న సెలవు కావాలని నేను అడగను. ఆ రోజు బడి తెరిచి ఉంచి ఆయన గురించి పిల్లలకు ఒక పీరియడ్ చెబితే ఆయన సంతోషిస్తారనిపిస్తుంది. మేలో ఎండాకాలం సెలవులే కదా అంటారా, జూన్ బడి తెరిచిన మొదటి వారంలో చెప్పండి.

నాన్నకి చెప్పాలా వద్దా అని చాలా రోజులు ఊగిసలాడాను. ఆయనకు డెబ్బై ఎనిమిది. ప్రాణంగా చూసుకున్న కథలో ఇంత పెద్ద ఖాళీ ఉందని ఈ వయసులో చెప్పడం ఎందుకనిపించింది. చివరికి ఒక రాత్రి అన్నం తిన్నాక చెప్పేశాను. తారీఖులన్నీ కాగితం మీద రాసిచ్చాను. కళ్లజోడు పెట్టుకుని రెండుసార్లు చదివారు.

"మాకెవరూ చెప్పలేదమ్మా" అన్నారు. కాసేపటికి మళ్లీ ఆయనే, "మేమూ అడగలేదు" అన్నారు.

మర్నాడు ఆటోలో ఇసామియా బజార్ తీసుకెళ్లాను. నాన్న ఎక్కువసేపు నిలబడలేరు. ఒక షట్టరు వేసిన కొట్టు మెట్టు మీద కూర్చున్నారు. బస్సుల హారన్ల మధ్య ఆయన మాట వినాలంటే నేను వంగాల్సి వచ్చింది.

"ఇరవై ఆరు బడులంటే తక్కువలో తక్కువ ఇరవై ఆరుగురు పంతుళ్లు. వాళ్ల పేర్లు ఎక్కడైనా రాసి ఉంటారా?"

నేను జవాబు చెప్పేలోపే కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు.

"భాషానిలయం ఎన్నింటికి తీస్తారో కనుక్కో. పాత పత్రికలు అడిగి చూద్దాం."